వెనుక వరుసలోని దాహము

వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలముపై జరుగు చందనోత్సవమును గూర్చి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. సంవత్సరములో ఆ ఒక్క దినముననే శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామివారు చందనపు పూత వీడి నిజరూపముతో దర్శనమిత్తురు. ఎండలు నిప్పులు చెరుగు కాలము. తెల్లవారకమునుపే మొదలైన వరుస మిట్టమధ్యాహ్నమునకును తరుగదు. ఆ వరుసల వెంబడి భక్తులు కొందరు మజ్జిగయు, మంచినీళ్లును అందించుచుందురు.

ఒక ఏడు నేనును ఆ వరుసలో నిలిచియుంటిని. నీళ్లకడవ నాయొద్దకు వచ్చినది. గ్లాసెడు నీరు త్రాగితిని. దాహము తీరినది. అయినను ఇంకెంతసేపు నిలువవలెనో యను భయముతో చేతిసంచిలోని సీసాను కూడ చాచితిని. నీళ్లు పోయుచున్న పెద్దాయన కోపపడలేదు. సీసాలో సగమువరకు పోసి, చేయి ఆపి, "బాబూ, ఓపాలి ఎనక్కి చూడండి" అనెను. తిరిగి చూచితిని. చంకలో బిడ్డతో ఒక తల్లి, ఆమె వెనుక చేతికర్ర ఊతగా ఒక వృద్ధుడు, వారి వెనుక మెట్లమలుపు దాటి కంటికి ఆననంత దూరము జనము. కడవ ఒక్కటే. అంతవరకు నా చూపు గర్భాలయమువైపే యుండెను. నా వెనుక నిలిచినవారు కూడ ఆ స్వామి కొరకే వచ్చినవారను తలపు నాకు రాలేదు. సిగ్గుపడితిని.

చేతికి ముందుగా నీరందినవానికి, కంటికి కానరాని కడపటివానియెడల గల బాధ్యత యేమి? ఇద్దరు మనుష్యుల నడుమ ఇది మర్యాదకు సంబంధించిన విషయము. రెండు గ్రామముల నడుమ ఇది తగవగును. రెండు రాష్ట్రముల నడుమ వ్యాజ్యమగును. రెండు దేశముల నడుమ సంధియో, వైరమో యగును. ప్రశ్న మాత్రము అంతటను ఒక్కటే. నీరు కొరవడుచున్న ఈ కాలమున దీనిని ధర్మదృష్టితో విచారించుట ఆవశ్యకము.

మొదట, నీరు ఎవరిది? నారములనగా జలములు. అవి నివాసముగా గలవాడు నారాయణుడని ఆ దివ్యనామమునకు పెద్దలు చెప్పిన అర్థములలో ఒకటి. శ్రీవైష్ణవ సంప్రదాయమున భగవంతుడు శేషి. చేతనాచేతనములన్నియు ఆయనకు శేషభూతములు. మన ఆత్మయే మనది కాదనియు, దానిని మనదిగా తలచుట ఆత్మాపహారమను గొప్ప దొంగతనమనియు పూర్వాచార్యులు హెచ్చరించిరి. ఆత్మయే మన సొత్తు కానప్పుడు, మన గట్టు ప్రక్కగా పారిపోవు నీరు మన సొత్తెట్లగును? మనము ఆ నీటికి కావలివారము మాత్రమే. కావలివాడు తనకు నియమింపబడిన గ్రాసమును తినవచ్చును, కొట్టును దాచుకొనరాదు.

ఇచట ఒక ఆక్షేపణ పుట్టును. "నీరు భగవంతునిదే కావచ్చును. కాని నది మా కొండలలో పుట్టినది. మా అడవులపై కురిసిన వాన. దానిని క్రిందివారికి ఏల విడువవలెను?" అని ఎగువవారు అడుగుదురు. "తరతరములుగా మా పొలములు ఈ ప్రవాహమును నమ్ముకొన్నవి. నడుమ అడ్డుకట్ట వేయుటకు మీకేమి అధికారము?" అని దిగువవారు అడుగుదురు. ఇరువురి మాటలోను సత్యమున్నది. నదీవివాదములు తెగకపోవుటకు కారణము కూడ ఇదియే. ఒకడు దొంగ, ఒకడు దొర యైనచో తీర్పు సులభము. ఇరువురును న్యాయము గలవారైనప్పుడే ధర్మసూక్ష్మము కావలసివచ్చును.

శ్రీమద్రామాయణ బాలకాండమున విశ్వామిత్రుడు రామలక్ష్మణులకు చెప్పిన గంగావతరణ కథలో ఇట్టి తగవొకటి కనబడును. భగీరథుని రథము వెంట వచ్చుచున్న గంగ, త్రోవలో జహ్నుమహర్షి యజ్ఞవాటికను ముంచివైచినది. ఆయన కోపించి ఆ నీటినంతయు త్రాగివేసెను. క్రింద ఎక్కడనో భగీరథుని పితరులు అరువదివేలమంది బూడిదకుప్పలై ఆ నీటికై కాచుకొనియున్నారు. వారు జహ్నువునకు కనబడలేదు. మునిగిపోయిన తన యజ్ఞశాల కనబడినది. ఆయన నష్టము అబద్ధము కాదు. అందుచేతనే దేవతలును ఋషులును ఆయనను నిందింపక పూజించి, గంగ నీకు కూతురగునని చెప్పిరి. అప్పుడాయన శాంతించి తన చెవులనుండి గంగను విడిచెను. ఆమె జాహ్నవి యైనది.

ఈ కథలోని లోకజ్ఞానము మనకు సులభముగా తెలియును. కూతురు తండ్రిదే. అయినను ఎల్లకాలము తనయింట ఉంచుకొనుటకు కాదు. పసుపుకుంకుమలతో మెట్టినింటికి సాగనంపినప్పుడే తండ్రికి గౌరవము. మెట్టినింటివారు కూడ ఆమె పుట్టింటిని చులకన చేయరాదు. పుట్టింట కలిగిన కష్టము తమకు పట్టదనరాదు. నదికి ఎగువదేశము పుట్టినిల్లు, దిగువదేశము మెట్టినిల్లు. ఈ రెండు కుటుంబములును వియ్యమువారివలె మెలగినచో నది వర్ధిల్లును.

ఇట్టి రెండు ఇండ్ల కథ మన విశాఖకు ఈశాన్యముగా వంశధారా తీరమున జరిగినది. వంశధార ఒడిశాలోని కలహండి జిల్లా కొండలలో పుట్టి, రాయగడ, గజపతి జిల్లాల మీదుగా వచ్చి, కొంతదూరము రెండు రాష్ట్రములకును సరిహద్దై, శ్రీకాకుళము జిల్లాలో ప్రవేశించును. శ్రీముఖలింగ క్షేత్రమును స్పృశించి కళింగపట్నమువద్ద సముద్రమున కలియును. పొడవు సుమారు 254 కిలోమీటర్లు. దీని పరీవాహక ప్రాంతమున దాదాపు నాలుగింట మూడుపాళ్లు ఒడిశాలోనే కలదు. వంశమనగా వెదురు, సంతతి యనియు అర్థము. రెండవ అర్థము కూడ ఈ నదికి చక్కగా అమరినది. ఒడ్డున ఉన్న గుణుపురము తాలూకా, 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడువరకు మన విశాఖపట్టణము జిల్లాలోనిదే. పర్లాకిమిడి వీథులలో నేటికిని తెలుగు వినబడును. మన ఇచ్ఛాపురములో ఒరియా వినబడును. నీటికొరకు ఎదురెదురుగా నిలిచినవారు పరాయివారు కారు.

ఈ నదీజలములను గూర్చి 1962 సెప్టెంబరు 30న ఉభయ రాష్ట్రములును ఒక ఒప్పందము చేసికొన్నవి. నీటిని చెరిసగము పంచుకొనవలెనని దాని సారాంశము. అటుపిమ్మట ఆంధ్రప్రదేశ్ హిరమండలము సమీపమున గొట్టా బ్యారేజిని నిర్మించుకొన్నది. నేరడివద్ద మరియొక బ్యారేజి కట్టవలెనని తలచినది. అందుకు ఒడిశా భూభాగము కొంత కావలసియుండెను. అది కుదురుటలో జాగు జరిగినది. అంతట కాట్రగడ్డవద్ద నది ప్రక్కన మత్తడి కట్టి, వరదనీటిని కాలువ ద్వారా హిరమండలము జలాశయమునకు మళ్లింపవలెనని ఆంధ్రప్రదేశ్ ప్రయత్నించినది. ఏటేట ఎంతో వరదనీరు సముద్రము పాలగుచుండగా, తమ వాటాలోని నీటినే వాడుకొనుచున్నామని మనవారి వాదము.

ఒడిశావారి భయము వేరు. అట్లు మళ్లించినచో నది తన పాతదారిని విడిచి ఆవలికి జరుగుననియు, ఎడమగట్టు గ్రామములలో భూగర్భజలము క్రుంగిపోవుననియు వారు ఆందోళనపడిరి. 2006లో వారు కేంద్రప్రభుత్వమునకు ఫిర్యాదు చేసిరి. 2009లో సుప్రీంకోర్టు ఆదేశమీయగా, 2010లో వంశధార జలవివాదముల ట్రిబ్యునల్ ఏర్పడినది. జస్టిస్ ముకుందకం శర్మ అధ్యక్షతన ఆ ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరు 13న తీర్పు చెప్పినది. 115 టి.ఎం.సి.ల నీటిని ఉభయ రాష్ట్రములును చెరిసగముగా పంచుకొనవలెననియు, నేరడివద్ద బ్యారేజి కట్టుకొనవచ్చుననియు నిర్ణయించినది. సందేహములపై విచారించి 2021 జూన్‌లో తదుపరి నివేదిక నిచ్చినది. అదే సంవత్సరము నవంబరు 9న ఇరు రాష్ట్రముల ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో ముఖాముఖి కూర్చుండి నేరడిని గూర్చి మాటలాడుకొనిరి.

పాఠకులొక విషయమును గమనింతురు గాక. 1962లో పెద్దలు ఒప్పుకొన్న మాట చెరిసగము. 55 ఏండ్ల పిదప న్యాయమూర్తులు చెప్పిన మాటయు చెరిసగమే. అనగా వాటా ఎంత యనునది అసలు చిక్కు కాదు. మీరు చెప్పిన లెక్కకు మించి తీసికొందురేమో యని ఒకరికి అనుమానము. మాకు రావలసినది కావలయుననియే ఆపుచున్నారేమో యని మరియొకరికి అనుమానము. ఒకరి భయమును మరియొకరు సాకు అనుకొనిరి. జహ్నువు యజ్ఞశాల నిజముగా మునిగినదని ఒప్పుకొనుటకు భగీరథునికి అభ్యంతరము లేకపోయినది. కనుకనే గంగ కదలినది. ఇచట ఎడమగట్టు రైతు భయమును మనమును, కాలువ చివర ఎండిన మన రైతు చేనును వారును ముందే కన్నులార చూచియుండినచో, ఈ 55 ఏండ్లలో ఎన్ని తరిసాళ్లకు తడి అందియుండెడిదో!

ఎగువవాడు ధనికుడు, దిగువవాడు పేద యనుకొనుట కూడ ఇచట చెల్లదు. కలహండి కరవులకు పేరుపడిన సీమ. శ్రీకాకుళమునుండి పనికొరకు దూరదేశములకు పోవువారిని మన విశాఖ రైలుస్టేషనులో నిత్యము చూచుచున్నాము. ఇది ఇద్దరు పేదలు ఒక్క కడవను పంచుకొనవలసిన సందర్భము. కలిగినవాడు ఇచ్చుట దానము. లేనివారిద్దరు పంచుకొనుట దానికంటె కఠినమైన ధర్మము.

ఇక అసలు చిక్కు మరియొకటి కలదు. నీరు సమృద్ధిగా నున్న ఏట వాటాలు పంచుట సులభము. లోటు వచ్చిన ఏట ఆ లోటు ఎవరిది? మన దేశమునకును బంగ్లాదేశ్‌నకును 1996 డిసెంబరు 12న గంగాజలములను గూర్చి కుదిరిన సంధి ఇందుకు ఒక సమాధానము చూపినది. జనవరి మొదటి తేదీనుండి మే నెలాఖరువరకు, ఫరక్కావద్దకు వచ్చు నీటిని పదేసి దినముల లెక్కన కొలువవలెను. నీరు 70,000 క్యూసెక్కులు గాని అంతకు తక్కువగాని యున్నచో చెరిసగము. 70,000 మొదలు 75,000 వరకు ఉన్నచో బంగ్లాదేశ్‌నకు 35,000, మిగిలినది మనకు. అంతకు మించినచో మనకు 40,000, మిగిలినది వారికి. మిక్కిలి ఎద్దడిగానుండు మార్చి 11 మొదలు మే 10 వరకు, మూడేసి పదిదినముల గడువులలో ఒకదాని విడిచి ఒకటిగా ఇరుదేశములకును 35,000 క్యూసెక్కుల హామీ కలదు. ప్రవాహము 50,000కు తగ్గినచో ప్రభుత్వములు వెంటనే కూర్చుండి మాటలాడుకొనవలెను. 30 సంవత్సరముల గడువుతో, అనగా 2026 డిసెంబరు వరకు చెల్లునట్లుగా, ఆ సంధి వ్రాయబడినది.

ఈ అంకెలలో హెచ్చుతగ్గులను గూర్చి రెండు దేశములందును విమర్శలు కలవు. ఆ చర్చ నిపుణులది. మనము గ్రహింపవలసిన ధర్మము వేరొకటి. ఆ సంధి నీటిని మాత్రమే పంచలేదు. నీటి లేమిని కూడ పంచినది. కరవు రాకముందే, మనస్సు చల్లగానున్నప్పుడే, కరవునాటి లెక్క వ్రాసికొన్నది. దాహము గొంతుకు పట్టిన పిదప వ్రాయుటకు కూర్చుండినచో కలము కదలదు.

ఇది మనకు కొత్త నీతి కాదు. కోవెలలో తీర్థము ఇచ్చునప్పుడు అర్చకస్వామి ఒకసారి పాత్రవంకయు, ఒకసారి గోష్ఠివంకయు చూచును. జనము పలుచగా నున్ననాడు ఉద్ధరిణె నిండుగా నుండును. ఉత్సవమునాడు అదే ఉద్ధరిణెలో నాలుగు బొట్లే యుండును. ఆ తగ్గింపు మొదట నిలిచిన పెద్దమనిషినుండియే మొదలగును. మొదటి పదిమందికి నిండుగా పోసి, కడపటివానికి ఖాళీపాత్ర చూపు అర్చకుని మనమెన్నడును చూడలేదు. నాలుగు బొట్లైనను తీర్థము తీర్థమే. అది అందరికిని అందినదను తృప్తి కూడ దానిలో కలిసియుండును.

ఈ మాటలు చదివి, ఇది ప్రభుత్వముల పని, మాకేమి యని విశాఖవాసులనుకొనరాదు. మన నగరమునకు పెద్దనది లేదు. 1933లో ఓడరేవు తెరువబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది, 1992లో అది జాతికి అంకితమైనది. ఊరు పెరిగినది, దాహమును పెరిగినది. గోస్తనిపైనున్న తాటిపూడినుండి, శారదానదిపైనున్న రైవాడనుండి, మేహాద్రిగెడ్డనుండి మనకు నీరు వచ్చుచున్నది. ఉక్కు కర్మాగారపు కణితి జలాశయమునకు ఏలేశ్వరమువద్దనున్న ఏలేరునుండి 153 కిలోమీటర్ల కాలువ వేయవలసివచ్చినది. ఏలేరులో నీరు చాలని ఏండ్లలో గోదావరినుండి తోడి ఆ కాలువకు అందించిరి.

గోదావరి ఎక్కడిది? నాసిక్ సమీపమున త్ర్యంబకమున పుట్టి, ఎన్నియో సీమలను దాటి వచ్చునది. దాని జలములను పలు రాష్ట్రములు పంచుకొనుటకు 1980లో ట్రిబ్యునల్ తీర్పు వచ్చినది. ఎగువ సీమలవారు విడిచిన నీరు గనుకనే అది రాజమహేంద్రవరమును చేరుచున్నది. అచటినుండి మనయింటి కుళాయివరకు రాగలుగుచున్నది. ఆ దృష్టితో చూచినచో ఆ పొడవాటి వరుసలో కడపటివారము మనమే. ముందున్నవారు వెనుకకు తిరిగి చూచిరి గనుక మన కడవ నిండినది.

కాని మరియొక దృష్టితో చూచినచో మనమే ముందువరుసలో నిలిచినవారము. రైవాడ నీరు తమ పొలములకు కావలెనని ఆ ప్రాంతపు రైతులు అడిగిన సందర్భములు కలవు. పట్టణమునకు పలుకుబడి కలదు, పొలమునకు లేదు. ఒడిశావారు న్యాయము తప్పిరని మనము ఆక్షేపించునప్పుడు, దేవరాపల్లి రైతునకు మనము చేయునది యేమని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. అన్యరాష్ట్రమువానికి చెప్పు ధర్మమును సొంత రాష్ట్రమువానియెడల పాటింపనివాని మాటకు బలముండదు.

"నేనొక్కడను పొదుపు చేసినంతమాత్రమున వంశధార నిండునా?" అని కొందరందురు. నిండదు. ఆ మాట నిజమే. అయినను సంధులు వ్రాయు అధికారులు ఆకాశమునుండి దిగివచ్చువారు కారు. మన యిండ్లలో పెరిగినవారే. కుళాయి కట్టకుండ పోవు ఇంట పెరిగిన బిడ్డకు, పెద్దవాడై టి.ఎం.సి.ల లెక్కవద్ద కూర్చున్ననాడు వెనుకవరుస కనబడునా? పొరుగువానికి తెలియకుండ మోటారు పెట్టి నీరు లాగుకొను ఇంట సత్యమైన కొలత ఎట్లు నేర్వబడును? నదీవివాదములలో కలహము తరచుగా దాచిన లెక్కతోనే మొదలగును. వచ్చిన నీరెంత, వాడినదెంత యను లెక్కను ఎదుటివాని ముందు దాపరికము లేకుండ పరచగలుగుట సత్యవ్రతమే. అది ఇంటిలోనే అలవడవలెను.

"వారు చేయనిది మేమేల చేయవలెను?" అని మరికొందరందురు. ఎదుటివాడు కూడ ఇదే అడిగినచో మొదటి అడుగు వేయువాడెవడు? శరణాగతుడు తన కర్తవ్యమును పొరుగువాని నడవడితో ముడిపెట్టడు. తాను చేయునది భగవత్కైంకర్యమని తలచును. నీరు ఆయనది, త్రాగువారు ఆయనవారు, పంచు చేయి మాత్రము నాది యని తలచినవానికి ఇచ్చుట భారము కాదు. అయితే మెత్తదనమని దీనిని పొరబడరాదు. తన వాటా అడుగుట, న్యాయస్థానమున నిలుచుట కూడ కావలివాని కర్తవ్యములే. తన వెనుకనున్న రైతు కొరకు అడుగుట కూడ కైంకర్యమే. అడుగునప్పుడు ఎదుటివానిని శత్రువుగా చూడకుండుటయే మనము పాటింపదగిన నియమము.

వంశధార సముద్రమున కలియు ఆ శ్రీకాకుళము జిల్లాలోనే శ్రీకూర్మక్షేత్రమున్నది. పాలసముద్రమును చిలికినప్పుడు వాసుకి యొక్క ఒక కొన దేవతలు, మరియొక కొన అసురులు పట్టిరి. వారి నడుమ ప్రేమ లేదు. అయినను ఒకరు విడిచినచో రెండవవారికి పని సాగదు. ఇరువురి బరువును, మందరగిరి బరువును అడుగున ఎవరికిని కానరాక మోసినవాడు కూర్మమూర్తి. నది కిరువైపుల నిలిచిన వారికి కూడ అడుగున ఆధారముగా నున్నవాడు ఆయన యొక్కడే. ఇది మరువకున్నచో త్రాడు తెగదు.

ఆనాడు సింహాచలముపై సగము నిండిన సీసాను నేను నా వెనుకనున్న తల్లి చేతికిచ్చితిని. ఆమె ముందు బిడ్డకు పట్టి, తాను ఒక గుక్క త్రాగి, మిగిలినది ఆ వృద్ధునికిచ్చినది. గొప్ప చెప్పుకొనుటకు దీనిని వ్రాయలేదు. ఒకరు చెప్పినగాని నాకు తోచలేదు గదా! స్వామి సన్నిధిని చేరినప్పుడు ఏమి కోరితినో నాకిప్పుడు జ్ఞాపకము లేదు. ఆ పెద్దాయన మాట మాత్రము నేటికిని మరపునకు రాలేదు. నీటిని చేతబట్టిన ప్రతివానికిని, అతడు గృహస్థుడైనను, రాజ్యము నేలువాడైనను, ఆ మాటను సమయమునకు వినిపించి, ఒకసారి వెనుకకు తిరిగి చూచు బుద్ధిని ప్రసాదింపుమని శ్రీ వరాహనృసింహుని వేడుకొనుచున్నాను.